విజయవాడలో 8 అడుగుల కస్టమ్ అక్వేరియం: అద్దం పని బ్రహ్మాండం, పైపుల దగ్గరే గొడవ

పటమటలో ఒక ఇంటి హాల్లో ఆటోనగర్ వైపు వర్క్‌షాప్ వాళ్లు కట్టిచ్చిన ట్యాంకు మీద ఈ రివ్యూ. పొడవు 8 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండున్నర. ఇనుప స్టాండు, స్టాండు లోపల 4 అడుగుల సంపు (నీళ్లు వడకట్టే కింది ట్యాంకు), పైపులు, పంపు, లైటు అన్నీ కలిపి ఒకే ఆర్డరు. షాపు పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో చెప్పిన లోపాలు ఆ ఒక్కరివే అనుకుని ఇంకో షాపుకి వెళ్తే అక్కడా ఇవే ఎదురుకావచ్చు. గ్లాసు కోయడం, అతికించడం వీళ్లకి వెన్నతో పెట్టిన విద్య. నీళ్లు పోశాక ఆ ట్యాంకు మన ఇంట్లో, మన కరెంటు మీద, మన ఎండల్లో ఎలా నడవాలన్నది మాత్రం వాళ్ల లెక్కలో లేదు. ఆ భాగమంతా ఆర్డరు ఇచ్చేవాళ్లే కాగితం మీద రాసివ్వాలి.

ముందు బరువు సంగతి. కొటేషన్‌లో 1,415 లీటర్లు అని ఉంది. అది బయటి కొలతల లెక్క. గ్లాసు మందం తీసేసి, పైన 2 అంగుళాలు వదిలితే లోపల పట్టేది 1,230 లీటర్ల దాకా. మందు మోతాదుకైనా, ఎన్ని చేపలు వేయాలో చూసుకోడానికైనా ఈ రెండో అంకే తీసుకోవాలి. నీళ్లు 1,230 కిలోలు, 15 ఎంఎం గ్లాసు బ్రేసులతో (అద్దం ఉబ్బకుండా పైన అతికించే గ్లాసు పట్టీలతో) కలిపి 280, రెండంగుళాల ఇసుక 140, రాళ్లూ దుంగలూ ఓ వంద, స్టాండు ఇంకో వంద, సంపు దాని నీళ్లతో సహా రెండొందల పైన. ఇసుక, రాళ్లు ఆక్రమించే చోటుకి నీళ్లు తగ్గించి లెక్కేసినా 2 టన్నులకి కాస్త అటూ ఇటూ. ఇదంతా 20 చదరపు అడుగుల మీద, అంటే అడుగుకి 100 కిలోలు. ఇళ్ల శ్లాబులకి ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం చెప్పే లైవ్ లోడు (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు, అంటే అడుగుకి 19 లోపు. ఐదు రెట్లు అనగానే శ్లాబు కూలిపోతుందని కాదు. గది మొత్తం మీద అంత బరువు ఒకేసారి ఉండదు కాబట్టి, గోడ వారగా, బీము మీదుగా, ట్యాంకు పొడవు కొన్ని బీములని దాటేలా పెడితే పరిస్థితి వేరు. కానీ మూడో అంతస్తు ఫ్లాటులో స్ట్రక్చరల్ ఇంజినీరు ప్లాను చూడకుండా ఈ సైజు పెట్టకూడదు. షాపు ఓనరు "ఏ ఫ్లోరండీ?" అని ఒక్కసారి అడిగాడు. అదీ మోతకూలీ కోసమే.

ఈ ఇల్లు గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి శ్లాబు బెంగ లేదు. టైల్స్ బెంగ ఉంది. స్టాండు కాళ్లు పడే చోట విట్రిఫైడ్ టైలు మీద నాణెంతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు పట్టలేదన్నమాట. కాలు సరిగ్గా అక్కడ పడితే టైలు విరుగుతుంది, ట్యాంకు ఓ మూలకి ఒరుగుతుంది. షాపు వాళ్ల డిజైను ఇక్కడ మెచ్చుకోదగ్గది: విడి కాళ్లు కాకుండా కింద కూడా పూర్తి ఫ్రేము ఇచ్చారు, బరువు నేల మీద గీతలా పరుచుకుంటుంది. ఇంకొకటి: బరువుకి గ్రౌండ్ ఫ్లోరు మంచిదే గానీ సింగ్‌నగర్, పాయకాపురం వైపు వాళ్లు 2024 సెప్టెంబరు బుడమేరు వరదని గుర్తుపెట్టుకుని పంపు అడాప్టర్లు, ప్లగ్ బోర్డులు స్టాండు లోపల కాకుండా గోడ మీద నాలుగడుగుల ఎత్తున పెట్టించుకోవాలి.

ఇక అద్దం. మొదటి కొటేషన్ 12 ఎంఎం. "పన్నెండు చాలండీ, అందరికీ అదే వేస్తున్నాం" అన్నది వాళ్ల మాట. రెండడుగుల ఎత్తుకి, పైన చుట్టూ బ్రేసు ఉంటే ఆ మాట నిజమే. రెండున్నరకి కాదు. నీటి ఒత్తిడి లోతుని బట్టి ఉంటుంది, ట్యాంకు ముందు నుంచి వెనక్కి ఎంత వెడల్పన్నది దానికి అనవసరం. ఎత్తు రెండు నుంచి రెండున్నర చేస్తే నీళ్లు పాతిక శాతమే పెరుగుతాయి, ముందు అద్దాన్ని నెట్టే మొత్తం బలం మాత్రం 56 శాతం పెరుగుతుంది. ఈ ట్యాంకులో 70 సెంటీమీటర్ల నీళ్లకి ముందు అద్దం ఒక్కదాని మీదే దాదాపు 590 కిలోల తోపు, అందులో ఎక్కువ భాగం కింది సగం మీదే. అందుకే బ్రేసు ఉంటే 15, బ్రేసు లేకుండా రిమ్‌లెస్ కావాలంటే 19 అడగాలి. గట్టిగా అడిగితే వెంటనే 15కి మారారు, వాదించలేదు. చుట్టూ 4 అంగుళాల వెడల్పు 12 ఎంఎం పట్టీలు, మధ్యలో రెండు అడ్డ బ్రేసులు వేశారు. అడ్డ బ్రేసు ఒక్కటే అయితే అది ఊడిన రోజు ఎనిమిదడుగుల అద్దానికి మధ్యలో ఆధారం ఉండదు, అందుకని రెండు.

ఎత్తు విషయంలో అసలు ప్రశ్న ఎవరూ అడగరు. స్టాండు 30 అంగుళాలు, ట్యాంకు 30 అంగుళాలు: పై అంచు 5 అడుగుల ఎత్తులో ఉంటుంది. అడుగున పడిన మొక్కని తీయాలంటే స్టూలెక్కి, చంక దాకా చెయ్యి ముంచినా వేళ్లు ఇసుకకి తగలవు. అంత ఎత్తు ఇష్టపడి అడిగితే తప్ప, అదే డబ్బుతో ఎత్తు రెండడుగులు చేసి వెడల్పు మూడు చేయించుకోవడం తెలివైన పని. నీళ్లు కాస్త తగ్గుతాయి, చేపకి తిరిగే చోటు పెరుగుతుంది, 12 ఎంఎం సరిపోతుంది.

టఫెండ్ (కాల్చి గట్టిపరిచిన) గ్లాసుని "డబుల్ స్ట్రాంగ్" అని అదనంగా అమ్మజూస్తారు. ఇంటికి వద్దు. టఫెండ్ చేశాక దానికి రంధ్రం పెట్టడం, కోయడం కుదరదు. అంచున రాయి తగిలితే క్షణంలో మొత్తం ముక్కలై 1,230 లీటర్లు ఒకేసారి హాల్లోకి వస్తాయి. మామూలు ఫ్లోట్ గ్లాసు పగుళ్లిస్తుంది, నీళ్లు కారతాయి, బకెట్లు పెట్టుకోడానికి టైము ఇస్తుంది. ముందు అద్దం ఒక్కటీ ఎక్స్‌ట్రా క్లియర్ తీసుకోండి. 15 ఎంఎం మామూలు గ్లాసులో ఆకుపచ్చ ఛాయ బాగా కనిపిస్తుంది, వెనకదానికీ అడుగుకీ ఆ ఖర్చు దండగ. బిల్లింగులో ఒక కిటుకు: గ్లాసు షాపుల్లో కొలతని పై 3 లేదా 6 అంగుళాలకి రౌండ్ చేసి చదరపు అడుగులు లెక్కేస్తారు. 96 అంగుళాలు, 30 అంగుళాలు కాబట్టి ఇక్కడ నష్టం లేదు. 97 అని అడిగితే 99కో, 102కో కట్టాల్సి వస్తుంది.

సిలికాన్ పని చూడముచ్చటగా ఉంది. అంచులన్నీ పాలిష్ చేసినవి, చేతికి కోసుకునేలా లేవు. అతికించే చోట థిన్నర్ కాకుండా అసిటోన్‌తో, ఒకసారి వాడిన గుడ్డ మళ్లీ వాడకుండా తుడిచారు. అద్దానికీ అద్దానికీ మధ్య 3 ఎంఎం స్పేసర్లు పెట్టి, ఆ సందు నిండేలా సిలికాన్ వేశారు. ఇది తెలియని వాళ్లు అద్దాలని గట్టిగా అదిమేస్తారు, మధ్యలో కాగితం మందం కూడా మిగలదు, నీళ్లు నిండి అద్దం ఒక్క మిల్లీమీటరు కదిలితే సాగడానికి అక్కడ రబ్బరే ఉండదు. రెండు పక్కలా మాస్కింగ్ టేపు, ఒకడు గన్ను నొక్కుకుంటూ పోతుంటే వెనకే ఇంకొకడు వేలితో ఒకే ఈడ్పులో ఫినిషింగ్. ఇక్కడి ఎండకీ ఉక్కకీ సిలికాన్ మీద ఐదు నిమిషాల్లోనే పొర కట్టేస్తుంది, ఒంటరిగా చేస్తే ఎనిమిదడుగుల జాయింటు చివరికి వెళ్లేసరికి మొదలు బిగుసుకుంటుంది. పొర కట్టాక దాని మీద రుద్దితే ముడతలు, ఆ ముడతల కింద గాలి. ఈ ట్యాంకుకి 300 ఎంఎల్ ట్యూబులు ఐదు పట్టాయి.

ట్యూబు మీద రెండు విషయాలు చూడాలి. యాంటీ ఫంగల్ అనో, బాత్‌రూమ్‌కి అనో ఉంటే పక్కన పెట్టేయాలి, బూజు మందు నీళ్లలోకి దిగుతుంది. గడువు తేదీ దాటి ఉంటే అసలు ముట్టుకోవద్దు, వారం తర్వాత కూడా జిగటగానే ఉంటుంది. నల్ల సిలికాన్ అందంగా ఉంటుంది గానీ బుడగలని దాచేస్తుంది. జాయింటు మీద గ్లాసు వైపు నుంచి టార్చి వేసి పక్కవాటుగా చూడాలి: వెండి రంగులో మెరిసే చుక్కలు బుడగలే. ఆవగింజంతవి పర్వాలేదు. జాయింటు వెడల్పులో సగం మించి, లోపలి వైపు నుంచి బయటి వైపుకి దారి చేసేలా ఉంటే ఆ జాయింటు బ్లేడుతో పూర్తిగా తీసి మళ్లీ వేయాల్సిందే. పాత సిలికాన్ మీద కొత్తది అతకదు, పైపూత పూసి "ఏం కాదండీ" అంటే నమ్మకండి.

వాళ్ల తొందరంతా ఆరబెట్టడం దగ్గర బయటపడింది. "రెండు రోజులాగి నీళ్లు పోసేయొచ్చు" అన్నారు. సిలికాన్ గాల్లో తేమని పీల్చుకుని బయటి నుంచి లోపలికి గట్టిపడుతుంది, రోజుకి 2 నుంచి 3 ఎంఎం. 15 ఎంఎం వెడల్పు జాయింటు నడిబొడ్డు దాకా గట్టిపడాలంటే కనీసం వారం, ఈ సైజుకి పది రోజులు ఆగాలి. వెనిగర్ వాసన పూర్తిగా పోయిందా లేదా అన్నది మంచి గుర్తు.

నీళ్ల పరీక్ష వాళ్లు నాలుగు దశల్లో చేశారు, అది సరైన పద్ధతి. పావు, సగం, ముప్పావు, నిండుగా. ఒక్కో దశకి ఒక రోజు, నిండాక మూడు రోజులు. కింద పాత దినపత్రికలు పరిచారు, చుక్క పడితే మరక కనిపిస్తుంది. అద్దం ఎంత ఉబ్బిందో కొలవడానికి ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్ష ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ముందు అద్దానికి రెండు చివర్లా 10 ఎంఎం ముక్కలు అంటించి, వాటి మీదుగా దారం బిగించి లాగాలి. మధ్యలో దారానికీ అద్దానికీ మధ్య 10 ఎంఎం ఉంటుంది. నీళ్లు నిండాక ఇక్కడ అది 8 అయింది. 2 ఎంఎం ఉబ్బడం ఈ పొడవుకి బాగానే ఉన్నట్టు. 5 దాటితే నీళ్లు దించి బ్రేసు సంగతి చూడాలి.

మోసుకొచ్చే విషయంలో ట్యాంకుని ఇంట్లోనే కట్టమని పట్టుబట్టండి. వర్క్‌షాపులో కట్టి తెస్తే 280 కిలోలు, ఎనిమిది మంది పట్టాలి, మలుపు దగ్గర ఎనిమిదడుగుల పెట్టె తిరగదు, నిలబెట్టి తిప్పుదామంటే గుమ్మం ఏడడుగులే. అలా నిలబెట్టకూడదు కూడా, జాయింట్ల మీద అడ్డదిడ్డంగా బరువు పడుతుంది. అద్దాలు విడిగా వస్తే పెద్దది 70 కిలోలు, సక్షన్ కప్పులతో నలుగురు చాలు. ఇంట్లో కడితే దుమ్ము సమస్య. ఆ పూట ఫ్యాన్లు కట్టేసి, ముందు రోజే గది తడిగుడ్డతో తుడిపించాలి. గదిలో పెయింటు పనో, కార్పెంటరు పనో నడుస్తుంటే వాయిదా వేసుకోవడమే.

స్టాండు 50 బై 50, 3 ఎంఎం చదరపు గొట్టం. పైన నీళ్లు తట్టుకునే 19 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లైవుడ్, దాని మీద 12 ఎంఎం గట్టి థర్మకోల్. కమర్షియల్ ప్లై వేస్తే మొదటి వర్షాకాలానికే ఉబ్బుతుంది. వెల్డింగులో గొట్టాలు వేడికి లాగుకుని పై ఫ్రేము ఒక మూల 5 ఎంఎం లేచింది. స్పిరిట్ లెవెల్‌తో అది దొరకదు, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు పెట్టి చూస్తేనే తెలిసింది. థర్మకోల్ సర్దుకుంటుందన్నారు. చిన్న గరుకుని థర్మకోల్ మింగుతుంది, 5 ఎంఎం మెలికని మింగదు. స్టాండు వెనక్కి పంపితే గ్రైండ్ చేసి సరిచేసి తెచ్చారు, అదనంగా అడగలేదు. నేల వాలు ఉంటే స్టాండు కింద ఇనుప రేకు ముక్కలు పెట్టాలి గానీ గ్లాసు కింద ఎప్పుడూ పెట్టకూడదు. గొట్టాల చివర్లు తెరిచి వదిలేశారు; లోపలికి తేమ పోయి తుప్పు లోపలి నుంచే తింటుంది కాబట్టి మూతలు కొట్టించుకోండి.

ఇప్పుడు పైపులు. షాపు ఇచ్చిన ఏర్పాటు: మూలలో ఓవర్‌ఫ్లో బాక్సు (పై అంచు దాటిన నీళ్లు పడే గది), అందులో నీళ్లు దిగడానికి ఒక్కటే ఒక అంగుళం పైపు, సంపు నుంచి గంటకి 10,000 లీటర్లని రాసి ఉన్న పంపు, పైకి నీళ్లు తెచ్చే రిటర్న్ పైపు. చూడ్డానికి నీట్‌గానే ఉంది. మొదటి తప్పు దిగే పైపు. గాలి కలుపుకుని దిగే అంగుళం పైపు గంటకి రెండు వేల లీటర్ల చిల్లర మించి మోయలేదు. ఈ ట్యాంకుకి గంటకి ఐదు సార్లు నీళ్లు తిరగాలంటే ఆరు వేల పైన కావాలి. పంపుని వాల్వుతో బాగా నొక్కేసి "సరిపోతుంది" అన్నారు, అంటే ఫిల్టరు మూడో వంతు పని చేస్తోందన్నమాట. ఇంకా పెద్ద సమస్య ఏమిటంటే ఆ ఒక్క పైపులో ఓ ఆకో, నత్తో అడ్డం పడితే నీళ్లు కిందికి దిగవు, పంపు పైకి తోస్తూనే ఉంటుంది, ట్యాంకు పొర్లుతుంది.

అడగాల్సింది మూడు పైపులు, మూడూ ఒకటిన్నర అంగుళం. మొదటిది పూర్తిగా నీళ్లతో నిండి సైఫన్‌లా దిగేది, దానికి గేట్ వాల్వు. రెండోది కాస్త ఎత్తులో, సన్నటి ధారగా మిగిలినది మోసేది. మూడోది ఇంకాస్త ఎత్తులో ఖాళీగా ఉండేది, మొదటిది మూసుకుపోతే తప్ప దానికి పని ఉండదు. ఈ ఏర్పాటులో గుడగుడ చప్పుడు కూడా ఉండదు, హాల్లో పెట్టే ట్యాంకుకి అది చిన్న విషయం కాదు. గ్లాసు రంధ్రంలో పైపుకి బిగించే ట్యాంక్ నిపుల్ రబ్బరు వాషరు నీళ్ల వైపే ఉండాలి, చేత్తో బిగించి ఆపై పావు చుట్టు చాలు, రెంచీతో బలమంతా చూపిస్తే గ్లాసు పగులుతుంది. రంధ్రాలు ఒకదానికొకటి, అంచుకీ కనీసం వాటి వ్యాసమంత దూరంలో ఉండాలి. ఇదంతా గ్లాసు ఆర్డరు ఇచ్చే రోజే డ్రాయింగులో ఉండాలి. ట్యాంకు కట్టాక అడుగు అద్దానికి కొత్త రంధ్రం పెట్టడానికి ఏ షాపూ బాధ్యత తీసుకోదు, తీసుకోకూడదు కూడా.

రెండో తప్పు కరెంటు పోయినప్పుడు బయటపడేది. రిటర్న్ పైపు మూతిని చప్పుడు రాకుండా నీటి మట్టానికి 4 అంగుళాల కింద పెట్టారు. పంపు ఆగగానే అదే పైపు సైఫన్ అయి నీళ్లని వెనక్కి లాగుతుంది, మూతి గాలికి తేలేదాకా ఆగదు. ఈ ట్యాంకులో ఒక అంగుళం అంటే 45 లీటర్లు. నాలుగు అంగుళాలు 180, పైపుల్లో ఉన్నది ఇంకో పది. సంపులో ఖాళీ 70 లీటర్లు. మిగిలిన 120 లీటర్లు ఎక్కడికి పోతాయో చెప్పనక్కర్లేదు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఉంది కదా అన్నారు. దాని పలక మీద ఒక ఇసుక రేణువు కూర్చుంటే చాలు, అది ఉన్నా లేనట్టే. మందు చాలా చవక: మూతిని ఒక అంగుళం లోతుకి ఎత్తి, నీటి మట్టానికి సరిగ్గా కింద పైపుకి 6 ఎంఎం రంధ్రం కొట్టడం. మట్టం కొద్దిగా దిగగానే ఆ రంధ్రం గాలి పీల్చి సైఫన్ తెగిపోతుంది. నెలకోసారి దాన్ని టూత్‌పిక్‌తో పొడవాలి, నాచు మూసేస్తుంది. డెలివరీ తీసుకునేముందు మీ ఎదురుగా పంపు స్విచ్చి ఆపించి, సంపు ఎంత దాకా నిండుతుందో చూసి, తిరిగి వేయించి, ఇది మూడుసార్లు చేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి. సంపులో నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత గీసి "ఇంతకి మించి పోయకు" అని రాసి పెట్టడం ఇంట్లో అందరికీ మంచిది.

ఇన్వర్టరు మీద రిటర్న్ పంపు, ఎయిర్ పంపు రెండూ ఉండాలి. కలిపి 100 వాట్లు అనుకుంటే 150 ఏహెచ్ బ్యాటరీ ఒంటరిగా పది గంటల పైనే లాగుతుంది, అదే బ్యాటరీ మీద ఫ్యాన్లు, టీవీ ఉంటే ఆ లెక్క మరచిపోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ఏసీ పంపులు బుర్రుమని మోగుతూ వేడెక్కుతాయి, సైన్ వేవ్ కావాలి. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా ఈ ట్యాంకులో చెయ్యి పెట్టొద్దు. షాపు కొటేషన్‌లో ఆ మాటే లేదు. నెలకి కరెంటు: పంపులకీ లైటుకీ సగటున 150 వాట్లు వేసుకుంటే 108 యూనిట్లు.

ఎండాకాలం విషయానికి వస్తే, ఇక్కడ హీటరు అమ్మజూపడం నవ్వులాటే. వెచ్చటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్లకి డిసెంబరు, జనవరి రాత్రుల్లో పనికొస్తుంది, అంతే. మే నెలలో నీళ్లు 33, 34 డిగ్రీలకి పోతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే 34 దగ్గర 7 మాత్రమే నిలుస్తుంది, పైగా చేపకి అప్పుడే ఎక్కువ కావాలి. అమ్మోనియా కూడా వేడిలో, పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో మరింత విషం. నీటి మీద ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. గాలిలో ఉక్క ఎక్కువున్న రోజున అదీ పని చేయదు. ఫ్యాను వల్ల రోజుకి ఓ బిందెడు నీళ్లు ఆవిరవుతాయి, ఆ బిందెడు ఆర్ఓ నీళ్లతో నింపాలి, లేదంటే ఉప్పులు లోపలే పేరుకుంటాయి. నీళ్లు చల్లబరిచే చిల్లరు అడిగితే పావు హార్స్‌పవర్ చూపించారు, సంపుతో కలిపి 1,400 లీటర్లకి అది చాలదు, అర హెచ్‌పీకి తగ్గొద్దు. చిల్లరు వేడిని గదిలోకే వదులుతుంది కాబట్టి బాల్కనీలో పెట్టి గొట్టాలు లాగాలి. చిల్లరు కొనడం కన్నా వేడి తట్టుకునే చేపలు ఎంచుకోవడం చవక.

నీళ్లు ఎక్కడి నుంచి అన్నది షాపు అడగనే అడగదు. వారానికి పాతిక శాతం మార్చాలంటే 350 లీటర్లు. కార్పొరేషన్ నీళ్లు కృష్ణవే, ఆ నీళ్లు చేపలకి బాగానే ఉంటాయి గానీ క్లోరిన్ ఉంటుంది. 500 లీటర్ల డ్రమ్ములో ఒక రోజు గాలి కొట్టి ఉంచడమో, సోడియం థయోసల్ఫేట్ వేయడమో చేయాలి. అపార్ట్‌మెంటు బోరు నీళ్లు వాడేముందు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), గట్టితనం చూసుకోవాలి. గట్టి నీళ్లకి ఆఫ్రికన్ సిక్లిడ్లు హాయిగా ఉంటాయి, డిస్కస్ ఉండదు. తీసేసే నీళ్లకి బాల్కనీలో నీళ్లు పోయే ట్రాప్ దాకా పైపు వేయించుకోండి, 350 లీటర్లు బకెట్లతో మోయడం నెలలోనే విసుగొస్తుంది. మొక్కలున్న ఇంట్లో ఆ నీళ్లు ఎరువే.

ట్యాంకు నింపిన మర్నాడే చేపలు వేసేయొచ్చని, "బ్యాక్టీరియా సీసా" పోస్తే చాలని చెప్తారు. సంపులో సిరామిక్ మీడియా (రింగులు) మీద అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దాకా అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అదీ, నైట్రైటూ సున్నాకి వచ్చిన రోజు చేపలు తెచ్చుకోవాలి. ఈ విషయంలో కృష్ణా, ఏలూరు జిల్లాల వాళ్లకి ఒక సుఖం ఉంది: రొయ్యల చెరువులకి మందులమ్మే షాపుల్లో అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లు, జియోలైట్ దొరుకుతాయి, అక్వేరియం షాపు కన్నా చవకగానే. జియోలైట్ మంచినీళ్లలో అమ్మోనియాని పట్టుకుంటుంది, అత్యవసరానికి ఓ రెండు కిలోలు ఇంట్లో ఉంచుకోవచ్చు.

లైటు బాగుంది, చెప్పేదేమీ లేదు. రోజుకి 8 గంటల టైమరు పెట్టుకోండి, లేదంటే నాచు.

చేపల విషయంలో షాపు సలహా వినకండి. వాళ్లు మొదట చూపించేది "షార్కు" పిల్లలు. వేలెడంత, నిగనిగలాడుతూ, గుంపుగా తిరుగుతాయి. అది పంగాసియస్, కైకలూరు వైపు చెరువుల్లో కిలోల లెక్కన పెంచి లారీలకెత్తే చేపే. మూడడుగులు దాటుతుంది, బెదిరితే అద్దాన్ని మూతితో గుద్దుకుంటుంది. రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా అంతే. సిల్వర్ అరోవానాకి మూడడుగుల వెడల్పు ఉంటే గానీ ఈడొచ్చాక వెనక్కి తిరగలేదు, ఎగిరి దూకుతుంది కాబట్టి మూత తప్పనిసరి. మూత వల్ల ఇంకో లాభం, బల్లులు పడవు.

వారంటీ ఒక సంవత్సరమని నోటిమాటగా చెప్పారు. రాసివ్వమంటే రాసిచ్చారు, అదీ జీఎస్టీ బిల్లు మీద. అందులో లీకు అన్న ఒక్క మాటే ఉంది. గ్లాసు పగలడం, బ్రేసు ఊడటం, వెల్డింగు విరగడం విడివిడిగా రాయించుకోండి. లీకు వస్తే నీళ్లు దించి, చేపల్ని వేరే ట్యాంకులో ఉంచి, తిరిగి అతికించే కూలి ఎవరిదో కూడా. నెలవారీ క్లీనింగు కాంట్రాక్టు కూడా అడిగారు. వచ్చే కుర్రాళ్లు సంపులో సిరామిక్ రింగుల్ని కుళాయి కింద పెట్టి తెల్లగా కడిగేస్తారు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా మొత్తం పోతుంది, వారంలో నీళ్లు పాలలా తెల్లబడతాయి. కాంట్రాక్టు తీసుకున్నా అద్దాలు, ఇసుక వరకే ముట్టుకోమని చెప్పండి, సంపు తలుపుకి తాళం వేసుకున్నా తప్పు లేదు.